అనుమానం వేరు, సందేహం వేరు. ముద్దాయి కథ మరీ వేరు

ప్రశ్న: మాస్టారూ, మా పక్క ఊరి హత్య కేసులో నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషిని పట్టుకెళ్లారు. కేసు ఇంకా కోర్టులో నడుస్తోంది. "వాడు చేశాడంటే నాకు అనుమానంగా ఉంది" అని ఇంట్లో అన్నాను. మా తమ్ముడు "నువ్వు కూడా వాడినే అనుమానిస్తున్నావా అన్నయ్యా!" అన్నాడు. నేను చెప్పింది దానికి సరిగ్గా ఎదురు. నా వాక్యంలో తప్పుందా? ఇంకో సంగతి. అతన్ని ఒక పేపరు నిందితుడు అంది, ఇంకో పేపరు ముద్దాయి అంది, టీవీలో హంతకుడు అని వేశారు. ఏది సరైన మాట? రేపు కోర్టు నేరం మీద సందేహం మిగిలిందని 'సంశయ లబ్ధి' (బెనిఫిట్ ఆఫ్ డౌట్) కింద వదిలేస్తే అతను నిర్దోషి అయినట్టేనా? – ఒక పాఠకుడు, ఆమదాలవలస.

జవాబు: మీ వాక్యం తప్పు కాదు. మీ తమ్ముడు విన్నదీ తప్పు కాదు. అనుమానం అనే మాట మన వాడుకలో రెండు ఎదురెదురు పనులు చేస్తోంది. 'అతని మీద అనుమానం' అంటే అతనే చేశాడేమోనని. 'అతను చేశాడా అని అనుమానం' అంటే చేయలేదేమోనని. మీరు రెండోది అన్నారు, తమ్ముడికి మొదటిది వినిపించింది. సందేహం అని ఉంటే ఈ పేచీ వచ్చేది కాదు. ఎందుకంటే మనం సాధారణంగా మనిషి మీద సందేహం అనం, సంగతిలో సందేహం అంటాం. పోలీసులు మనిషిని పట్టుకెళ్లేది అనుమానంతో. కోర్టు అతన్ని వదిలేది సందేహంతో. తర్కశాస్త్రంలో అనుమానం గొప్ప ప్రమాణం, అంటే నిజం తెలుసుకునే సాధనం. కొండ మీద పొగ చూసి నిప్పుందని తేల్చే జ్ఞానానికి ఆ పేరు. అలాంటి మాట మన వీధుల్లో శంకగా మిగిలింది. సందేహం, సంశయం ఈ విషయంలో దాదాపు ఒకటే.

ఇక ముద్దాయి. ఈ మాట అడిగినందుకు మీకు నిజంగా రుణపడి ఉన్నాను. పేపర్లో అది కనపడినప్పుడల్లా నా చూపు అక్కడే ఆగిపోతుంది.

ఇది అరబ్బీ నుంచి ఫారసీ మీదుగా మనకు వచ్చిన మాట. దావా అనే మాట మనందరికీ తెలుసు. దావా, దువా ఒకే ధాతువు బిడ్డలు. ఆ ధాతువుకు పిలవడం అని అర్థం. దేవుణ్ని పిలిస్తే దువా, న్యాయాధికారి ముందు నిలబడి 'ఇది నాది' అని హక్కు చెబితే దావా. ఆ దావా వేసినవాడు ముద్దయీ. అంటే వాది, ఫిర్యాదు చేసినవాడు. ఉర్దూలో ఈనాటికీ అదే అర్థం. 'ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్' అని వాళ్లకో సామెత ఉంది. దావా వేసినవాడు నీరసంగా ఉంటే సాక్షి మాత్రం మహా హుషారుగా ఉన్నాడని. మరి దావా ఎవరి మీద పడిందో అతన్ని ఏమంటారు? ముద్దా అలైహ్ అంటారు. అలైహ్ అంటే 'అతని మీద'.

ఇప్పుడు మన వాడుక చూడండి. నేరం మోపినవాడి పేరు తెచ్చి, నేరం మోపబడ్డవాడి తల మీద పెట్టాం! లక్నోలో ముద్దయీ అంటే కేసు పెట్టినవాడు. విజయనగరంలో ముద్దాయి అంటే బోనులో నిలబడ్డవాడు.

ఇలా ఎందుకు తిరగబడింది? నాకు రెండు దారులు తోస్తున్నాయి. ఒకటి, ముద్దా అలైహ్ మన నోళ్లలో నలిగి, తోక రాలిపోయి, ముద్దాయిగా మిగలడం. పలకడానికి కష్టమైన చివరను మనవాళ్లు మింగేయడం కొత్త కాదు. రెండోది, కోర్టు మాటలు మన దగ్గరికి వచ్చేసరికి చోటు మారడం. ఖూనీ చూడండి. ఫారసీలో ఖూన్ అంటే నెత్తురు, ఖూనీ అంటే నెత్తురు కార్చినవాడు, హంతకుడు. మనకు ఖూనీ అంటే హత్య. ఇక చేసినవాడికి ఖూనీకోరు అని ఇంకో తోక తగిలించాల్సి వచ్చింది. జామీను కూడా అంతే. అసలైతే పూచీ పడే మనిషే జామీను. మనం పూచీకే ఆ పేరు పెట్టి, మనిషిని జామీనుదారు అన్నాం. శ్రీకాకుళం గోల్కొండ ఫౌజుదార్లు కూర్చుని పాలించిన ఊరు, చికాకోల్ సర్కారు అని ఒక సీమకే పేరిచ్చిన ఊరు. ఈ మాటలు మన ఇళ్లలోకి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. ముద్దాయి విషయంలో నా మొగ్గు మొదటి దారి వైపే. అయినా రెండోదాన్ని కొట్టిపారేయలేను.

ఏ దారిన వచ్చినా, తెలుగులో దాని అర్థం స్థిరపడింది. విచారణ ఎదుర్కొంటున్నవాడు ముద్దాయి. అందులో తప్పు చేశాడన్న ధ్వని లేదు. మీరు నిక్షేపంగా రాయొచ్చు. నిందితుడు కూడా మంచి మాటే. నింద పడినవాడు, అంతే. నింద నిజమా కాదా అన్నది ఆ మాట చెప్పదు. మనం ఏటా వినాయక చవితికి అక్షింతలు చేతిలో పట్టుకుని వినేది కూడా ఒక హత్యానింద కథే. మణి కోసం ప్రసేనుణ్ని చంపాడని కృష్ణుడి మీద పడింది. పాపం, ఆయనే అడవికి వెళ్లి, సింహం అడుగులు, ఎలుగు అడుగులు వెతికి చూపించుకోవాల్సి వచ్చింది. నేరం మోపినవాడే రుజువు చేయాలన్న నియమం ఆ కథలో లేదు. ఈనాటి చట్టంలో ఉంది.

హంతకుడు అన్న మాట తీర్పు వచ్చిన తర్వాతదే. ముందే రాస్తే తీర్పు మనం ఇచ్చినట్టే. టీవీవాళ్ల తొందర సంగతి అలా ఉంచండి, ఓపిగ్గా రాసే పేపర్లలో కూడా 'భార్యను చంపిన నిందితుడు అరెస్టు' అని తరచూ చూస్తున్నాను. ఇది చదివిన ప్రతిసారీ నాకు బాధ వేస్తుంది. 'చంపిన' అనగానే చంపడం జరిగిపోయింది, చేసింది ఎవరో తేలిపోయింది. ఆ తర్వాత నిందితుడు అని రాసి ఏం లాభం? 'భార్యను చంపాడన్న కేసులో నిందితుడు' అనండి. రెండు మాటలు ఎక్కువవుతాయి, అంతే కదా. రాసేవాళ్లకు ఆ మాత్రం ఓపిక ఉండాలి.

చాలా ఏళ్ల కిందట విజయనగరంలో కోర్టు వరండా మెట్ల మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో స్టీలు క్యారేజీ, మూత ఊడకుండా పాత చీర పేలిక కట్టి ఉంది. ఎందుకొచ్చావమ్మా అని అడిగాను. "మా గుంటడు మనిసిని సంపీసినాడంట బావూ. ఇయ్యాల వాయిదా. కూడు అట్టుకొచ్చినాను" అంది. సంపీసినాడంట! కన్నకొడుకు గురించి ఆ తల్లి చంపాడనీ అనలేదు, చంపలేదనీ వాదించలేదు. అన్నవాళ్ల మాటను అన్నవాళ్లకే వదిలేసింది. ఈ 'అట' మన భాషకున్న పెద్ద ఆస్తి. 'పలికెడిది భాగవతమఁట' అని పోతన అరసున్నతో రాసిన అఁట ఇదే. ఆ అరసున్నే ఆవిడ నోట 'అంట'లో నిండుసున్నగా నిలిచిందని నా నమ్మకం. చదువుకున్నవాళ్లం పుకారు మాటలా ఉంటుందని దాన్ని రాతలోకి రానివ్వం. రానివ్వకపోతే పోనీ, దాని చోట 'అని పోలీసుల అభియోగం' అన్న ముక్కయినా ఉంచాలి కదా.

కన్యాశుల్కం చదివిన మన ఊరివాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. లుబ్ధావధాన్ల మీద పెళ్లికూతుర్ని చంపాడని కేసు వస్తుంది. చంపడం మాట దేవుడెరుగు, అక్కడ అసలు పెళ్లికూతురే లేదు. ఆడవేషం వేసుకున్న కుర్రాడు వేషం విప్పేసి వెళ్లిపోయాడు. కేసు మాత్రం నిజం కేసే.

1973లో మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక హత్య కేసులో సుప్రీంకోర్టు ఒక భేదం చెప్పింది. 'చేసి ఉండవచ్చు' అన్నదానికీ, 'చేసి ఉండాలి' అన్నదానికీ మధ్య చాలా దూరం ఉందని, ఆ దూరం దాటితే కానీ శిక్ష వేయకూడదని దాని భావం. తెలుగులో చెప్పేవాళ్లు ఇలాగే చెబుతున్నారు కానీ, ఇక్కడ నాదొక అభ్యంతరం ఉంది. మన 'ఉండాలి' అంత గట్టిది కాదు. 'బస్సు ఈపాటికి చీపురుపల్లి దాటి ఉండాలి' అంటాం. మనం చూశామా? లేదు, లెక్క వేసి ఊహించాం. దారిలో టైరు పంక్చరై గరివిడిలోనే ఆగిపోయి ఉండవచ్చు. అంటే 'వాడే చంపి ఉండాలి' అన్న వాక్యం మీద తెలుగు కోర్టులో ఎవర్నీ జైలుకు పంపకూడదు. 'వాడు తప్ప ఇంకెవరూ చేసి ఉండడానికి వీల్లేదు' అంటేనే ఆ తీర్పులోని బిగువు తెలుగులోకి వస్తుంది.

సంశయ లబ్ధి అన్న అనువాదం నాకు మొదటి నుంచీ నచ్చలేదు. లబ్ధి అనేసరికి రాయితీ ఏదో చేతికి వచ్చినట్టుంటుంది. చేసే ఉంటాడు కానీ అదృష్టం కొద్దీ బయటపడ్డాడని ఊరు అనుకుంటుంది. నిజానికి అందులో ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. నేరం రుజువయ్యే దాకా ఆ మనిషి నిర్దోషే. రుజువు కాలేదు కనక ఉన్నచోటే ఉన్నాడు. కాబట్టి మీ మూడో ప్రశ్నకు నా జవాబు అవుననే. అయితే కొన్ని తీర్పుల్లో 'గౌరవంగా విడుదల' అని వేరే మాట కూడా వాడుతుంటారు. ఉద్యోగాల దగ్గర ఆ తేడాకు లెక్క ఉంటుంది. ఆ సంగతి వకీలును అడగండి, నన్ను కాదు. లబ్ధికి బదులు ఏ మాట పెట్టాలో నేనూ ఇంకా తేల్చుకోలేదు. 'సందేహం తీరనందున విడుదల' అని కొన్నాళ్లుగా రాసి చూస్తున్నాను. పొడుగ్గా ఉంది, కానీ అబద్ధం లేదు.

మీ తమ్ముడితో మాత్రం ఈసారి ఇలా అనండి: "వాడు చేశాడంటే నాకు నమ్మకం కుదరడం లేదురా." ఈ వాక్యాన్ని అతను ఇంకో రకంగా వినలేడు.