పత్తి ఎర్రబారితే పంపుకు ఎన్ని గ్రాములు?

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా బేల మండలం. నల్లరేగడిలో పత్తి వేసి 70 రోజులైంది. ముసురు పట్టి చేలో నీళ్లు నిలిచాక కింది ఆకులు ఎర్రబారుతున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. పెన్‌గంగ అవతలి షాపులో ఎర్రనల్లి అని రెండు పురుగుమందులు, మెగ్నీషియం సల్ఫేట్, 19-19-19 ఎరువు ఇచ్చి అన్నీ కలిపి కొట్టమన్నారు. ఇంటర్ చదివే మా అబ్బాయి మెగ్నీషియం సల్ఫేట్‌తో 0.1 మోలార్ ద్రావణం చేద్దామని లీటరుకు 12 గ్రాములని లెక్క కట్టాడు. 16 లీటర్ల పంపుకు ఎంత వేయాలి?

జవాబు: మీరు రాసిన లక్షణాలు నల్లివి కావు, మెగ్నీషియం లోపానివి. పచ్చదోమ అయితే ఆకు అంచులు కిందికి ముడుచుకుంటాయి. ఆకులు తిప్పి చూడండి. పురుగు లేకపోతే ఆ రెండు మందుల మూతలే తీయొద్దు. ముందు నిలిచిన నీళ్లు బయటకు పోయేలా కాలువ తీయండి.

లీటరు ద్రావణంలో అణుభారమన్ని గ్రాములు కరిగి ఉంటే అది 1 మోలార్, అందులో పదో వంతు 0.1 మోలార్. అబ్బాయి పద్ధతి సరైనదే, అణుభారం దగ్గర తప్పాడు. అతను తీసుకున్న 120 నీరు లేని పొడి మెగ్నీషియం సల్ఫేట్‌ది. మీ ప్యాకెట్‌లోని స్ఫటికాల్లో ఏడు నీటి అణువులు ఉంటాయి, కాబట్టి 246.5 తీసుకోవాలి. అలా తీసుకుంటే 0.1 మోలార్‌కు లీటరుకు 24.65 గ్రాములు వస్తుంది. అంత కొడితే ఆకులు మాడే ప్రమాదం ఉంది. అసలు పత్తికి 0.1 మోలార్ అవసరమే లేదు. లీటరుకు 10 గ్రాములు చాలు, అంటే 0.04 మోలార్. 16 లీటర్ల పంపుకు 160 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల నీటికి 2 కిలోలు. గుప్పెళ్లతో కాదు, కాటా మీద తూచి వేయండి. ముందు బకెట్‌లో పూర్తిగా కరిగించి, వడగట్టి పంపులో పోయండి. వారం పది రోజులకు ఇంకోసారి కొట్టండి.

అన్నీ ఒకే పంపులో కలపమనడం షాపువాళ్లకు అలవాటైపోయింది. 19-19-19లో భాస్వరం ఉంటుంది. మెగ్నీషియంతో కలిస్తే తెల్లటి మడ్డి కట్టి నాజిల్ మూసుకుపోవచ్చు, రెండూ వృథా. మూడు నాలుగు రోజులు ఆగి దాన్ని విడిగా కొట్టండి. ఇక పురుగే లేని చేలో రెండు విషాలు కలిపి కొట్టడమంటే, కొట్టే మనిషి ప్రాణం మీదికి తేవడమే. 2017లో మీ పక్కనే ఉన్న యవత్మాల్ జిల్లాలో పత్తికి మందులు కొడుతూ రైతులు, కూలీలు చనిపోయారు. ఎవరు ఏం కలపమన్నా ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఎండ తగ్గాక సాయంత్రం పిచికారీ చేయండి. బాగా ఎర్రబడ్డ ఆకులు మళ్లీ పచ్చబడవు, వాటిని చూసి మోతాదు పెంచకండి. కొత్తగా వచ్చే ఆకులు పచ్చగా ఉంటే మందు పనిచేసినట్టే.