27 లక్షలు చెబుతున్న 2016 ఆడి టీటీకి అసలు ఎంత ఇవ్వొచ్చు?

మీ ప్రశ్న ఇదీ: ఉండేది ఒడిశాలోని రాయగడలో, కారు బెంగళూరులో. 2016 ఆడి టీటీ, కర్ణాటక రిజిస్ట్రేషన్, రెండో ఓనరు, 41,000 కిలోమీటర్లు. డీలరు 27 లక్షలు చెబుతున్నాడు. కొత్తప్పుడు 60 లక్షల కారు సగం కంటే తక్కువకే వస్తోంది, తీసుకోవచ్చా అని. నేనైతే 27కి ముట్టుకోను. 22 దగ్గరికి వస్తే కూర్చుని మాట్లాడతాను. నేనుండేది మీ పక్కనే, కొరాపుట్ జిల్లా జైపూర్‌లో. ఇదే మోడల్‌ని 2021లో హైదరాబాద్‌లో 31 లక్షలకి కొని, ఘాట్ ఎక్కించి ఇంటికి తెచ్చుకున్నాను. కాబట్టి ఇందులో సగం నా చేతులు కాలాక తెలిసిన సంగతులే.

ముందు ఆ 'సగం కంటే తక్కువ' మాట పక్కన పెట్టండి. 2015లో ఈ టీటీ మన దేశంలో విడుదలైనప్పుడు ఢిల్లీ ఎక్స్‌షోరూం ధర 60.34 లక్షలు. అది ఆనాటి షోరూం సంగతి, ఇవాళ్టి బేరానికి దానితో పని లేదు. ఇన్సూరెన్స్ పేపర్లో ఉండే ఐడీవీ, అంటే కారు పూర్తిగా పోతే కంపెనీ కట్టే విలువ, అదీ అంతే. అయిదేళ్ల లోపు బండికి తరుగుదల పట్టిక ఉంది, నాలుగు దాటి అయిదో ఏట 50 శాతం కోస్తారు. అయిదేళ్లు దాటాక కంపెనీ, ఓనరు ఒప్పుకున్న అంకె ఏదైతే అదే. "ఐడీవీయే 25 ఉంది సార్" అని డీలరు అంటే నవ్వి ఊరుకోండి.

స్విఫ్ట్ కారైతే వారానికి పది చేతులు మారతాయి, ధర అందరికీ తెలుస్తుంది. రెండు డోర్ల కారు కొనేవాళ్లు మన కొరాపుట్, రాయగడ జిల్లాలు మొత్తం వెతికినా ఎంతమంది దొరుకుతారు? అందుకే ప్రకటనల్లో కనిపించే ధరలు అడిగే ధరలే, అమ్ముడుపోయిన ధరలు కావు. అమ్ముడుపోయే ధర తెలుసుకోవడానికి నా దగ్గర ఒకటే చిట్కా ఉంది. కొనేవాడిలా కాదు, అమ్మేవాడిలా ఫోన్ చేయండి. "నా దగ్గర 2016 టీటీ ఉంది, నలభై వేలు తిరిగింది, ఎంతకి తీసుకుంటారు?" అని బెంగళూరులో ఇద్దర్ని, హైదరాబాద్‌లో ఇద్దర్ని అడగండి. కొంచెం అబద్ధమే, కానీ వాళ్లకి పోయేదేమీ లేదు. నేనీ పని కొన్న ఆరు నెలలకి చేశాను, అదీ నిజంగా అమ్మేద్దామన్న విసుగులో. నలుగురిలో పెద్ద అంకె 24. నేను పోసింది 31! ఆ రాత్రి మా ఆవిడకి చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు.

వాళ్లు చెప్పిన అంకెకీ మిమ్మల్ని అడుగుతున్న అంకెకీ మధ్యనే మీ బేరం నడవాలి. డీలరుకి లాభం ఉండాలి, ఆ లాభం మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది, కాబట్టి రెండున్నర, మూడు లక్షలు తేడా ఉంటే అన్యాయం అనను. ఆరు లక్షలంటే మాత్రం మీ ముచ్చట చూసి వేసిన ధర. ఇంకోటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్ల మీద సెస్ తీసేసి జీఎస్టీ 40 శాతం చేశారు, కొత్త కార్లు దిగాయి. కొత్తవి దిగితే పాతవీ దిగాలి. అంతకు ముందు ధరలు పట్టుకుని ఎవరైనా పోలిస్తే ఒప్పుకోకండి. "టీటీ తయారీ 2023లో ఆగిపోయింది సార్, ఇక దొరకదు, కలెక్టర్స్ పీస్" అని కూడా అంటారు. ఆగిపోయిన మాట నిజమే. కానీ మామూలు టీటీకి ఆ పేరు చెప్పి ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వను. రేపు పార్టుల కోసం తిరగాల్సింది నేనే కదా.

ఇక కారు దగ్గర. కిలోమీటర్లు తర్వాత చూడొచ్చు, ముందు టైర్ల దగ్గర కూర్చోండి. సైడ్‌వాల్ మీద డీఓటీ అని ఉండి, చివర నాలుగంకెలుంటాయి. 1516 అంటే 2016లో 15వ వారంలో తయారైందని. నా కారుకి మూడు టైర్లు 2016వి, ముందు కుడివైపుది మాత్రం 2019. డీలరు "మేకు గుచ్చుకుంటే మార్చారు సార్" అన్నాడు, నేను తల ఊపాను. తర్వాత విశాఖలో లిఫ్ట్ మీద ఎక్కించి చూస్తే ఆ చక్రం వెనక, చక్రాన్ని కారుకి పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్ ఒక్కటే తళతళలాడుతోంది, మిగతా మూడు వైపులా దుమ్ము. ఆ మూల ఎక్కడో గట్టిగా గుద్దిందన్నమాట. టైరు మీద ఆ నాలుగంకెలు ఆ రోజే చెప్పాయి, నాకే చదవడం రాలేదు. పైగా ఇది నాలుగు చక్రాలూ తిప్పే క్వాట్రో. టైర్ల అరుగుదలలో తేడా ఉండకూడదు, రెండే మార్చి సరిపెడదామంటే కుదరదు. పాతబడితే నాలుగూ ఒకేసారి మార్చాలి. నాకు లక్ష దాటింది.

రిపేరు చేసిన బాడీని అయస్కాంతంతో పట్టుకుంటాం అనే పెద్దమనుషులు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. ఈ టీటీకి పై రేకంతా అల్యూమినియం. ఎక్కడ పెట్టినా అయస్కాంతం అంటదు. పెయింట్ మందం కొలిచే మీటరు కావాలి, అది కూడా అల్యూమినియం మీద పనిచేసేది. ఫ్యాక్టరీ పెయింట్ మామూలుగా 100 నుంచి 180 మైక్రాన్లు ఉంటుంది. నా కారు కుడి ఫెండర్ మీద 410 చూపించింది. నేను అప్పటికే డబ్బు కట్టేశాను.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది వెనక యాక్సిల్. వెనక చక్రాలకి శక్తిని పంపే క్లచ్ ఒకటుంటుంది, హాల్డెక్స్ అంటారు. దానికి సొంత ఆయిల్, చిన్న పంపు, పంపుకి సన్నని జాలీ ఉంటాయి. మూడేళ్లకోసారైనా ఆయిల్ మార్చాలి, జాలీ కడగాలి. లేకపోతే క్లచ్ పొడితో జాలీ మూసుకుపోతుంది, కారు చూడ్డానికి బాగానే నడుస్తుంది కానీ ముందు చక్రాలే లాగుతుంటాయి. జూలైలో సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతున్నాను. వాన. ఒక హెయిర్‌పిన్ దగ్గర యాక్సిలరేటర్ తొక్కితే ముందు చక్రాలు గిర్రున తిరిగాయి, కారు కదలదు, ముక్కు లోయవైపు జారుతోంది. వెనక బస్సువాడు హారన్ మీద హారన్. విశాఖలో మెకానిక్ ఆ పంపు విప్పి జాలీ నా అరచేతిలో పెట్టాడు. బూడిదరంగు బురద, చిటికెన వేలి గోరంత కూడా ఖాళీ లేదు. "బాబూ, దీని మొహం ఎవరూ చూళ్లేదు" అన్నాడు. తప్పు కారుది కాదు, ముందు ఓనరు ఆ పని చేయించలేదు, అమ్మినవాడు చెప్పలేదు, నేను అడగలేదు. మీరు సర్వీస్ హిస్టరీ అడిగినప్పుడు "ఫుల్ రికార్డ్ ఉంది" అనే మాటతో ఆగకండి. హాల్డెక్స్ ఆయిల్ బిల్లు, గేర్‌బాక్స్ ఆయిల్ బిల్లు, ఆ రెండు కాగితాలు చూపించమనండి. గేర్‌బాక్స్‌కి 60,000కి మార్చాలి, మీది ఇంకా 41,000. అయినా వయసు చూసి నేను మార్పిస్తాను, ధరలోంచి తీసేస్తాను.

సీటుబెల్టు చివరిదాకా లాగి చూడండి. నీళ్లలో మునిగిన కారైతే లోపలి భాగంలో గోధుమరంగు గీత కనిపిస్తుంది, పైకి ఎంత కడిగినా అక్కడిదాకా ఎవరూ కడగరు. 2015 డిసెంబర్ చెన్నై వరదల్లో ఎన్ని కార్లు మునిగాయో చూశాం కదా. తక్కువ కిలోమీటర్లకీ మురిసిపోకండి. ఎనిమిదేళ్లలో తొమ్మిది వేలు తిరిగిన కారంటే షెడ్లో పడి ఉన్న కారు, బ్యాటరీ, సీళ్లు, టైర్లు అన్నీ మీ నెత్తిన పడతాయి. ఇంజన్ని నడిపే కంప్యూటర్ని మార్పించి పవర్ పెంచి (ఈసీయూ ట్యూనింగ్) ఉంటే అమ్మేవాడు ధర పెంచుతాడు, నేను తగ్గిస్తాను. ఇన్సూరెన్స్‌కి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున మెడకి చుట్టుకుంటుంది.

ఇవన్నీ బెంగళూరులో ఉన్నవాడికీ వర్తిస్తాయి. మన దగ్గరికి తెచ్చుకోవడంలో వేరే ఖర్చు ఉంది. కర్ణాటక ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదనే ఎన్ఓసీ (ఫారం 28), లోన్ ఉంటే అది తీరిందని బ్యాంకు ఫారం 35, తర్వాత ఒడిశాలో రాయగడ నంబరు ఓడీ 18, ఇక్కడ మళ్లీ రోడ్ టాక్స్. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలకి మించి తిప్పకూడదు. టాక్స్‌ని బండి వయసును బట్టి తగ్గిస్తారు, కానీ ఆ లెక్క మీరిచ్చిన 22 నుంచి కాదు, కొత్తప్పటి ధర నుంచి మొదలవుతుంది. కర్ణాటకలో కట్టినదాంట్లో మిగిలిన భాగం వాపసు అడగొచ్చు, అది నెలల పని. ఈ టాక్స్ కోసం డీలరు రూపాయి తగ్గించడు, ఆశ పెట్టుకోకండి. కానీ రాయగడ ఆర్టీఓలో ముందే అంకె వేయించుకుని మీ బడ్జెట్‌లో కలపండి. కొన్నాక కలిపితే నా కథే.

దారిలో ఆగిపోతే ముందు చక్రాలెత్తి లాక్కెళ్లే మామూలు టోయింగ్ బండి పనికిరాదు, నాలుగు చక్రాలూ పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ కావాలి. నా కారు జైపూర్ నుంచి విశాఖకి రెండుసార్లు అలా దిగింది. రాయగడ మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయించడానికి తీసుకెళ్తే స్పీడ్‌బ్రేకర్ మీద కింద ప్లాస్టిక్ ట్రే చిరిగింది, నిమ్మకాయలు మాత్రం చక్కగా నలిగాయి.

లెక్కకి వద్దాం. నలుగురు డీలర్లు కొంటామన్న ధర 21 అనుకుందాం, మంచి కండిషన్లో ఉన్నదానికి వాడి లాభంతో 24. టైర్లు, రెండు ఆయిళ్లు, బ్రేకులు, బెంగళూరు నుంచి రవాణా కలిపి రెండు లక్షలు తీసేస్తే 22. ఆయిల్ బిల్లులు రెండూ ఉండి, టైర్లు కొత్తవైతే 23న్నర దాకా పోతాను. టైరు తేదీలు కలవకపోతే 20 అని చెప్పి లేచి వస్తాను.

ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో కారు నంబరు కొట్టి ఓనరు సీరియల్, లోన్, చలాన్లు ఇవాళే చూసేయండి. డీలర్ని నాలుగు టైర్ల నాలుగంకెల ఫొటోలు పంపమనండి, వస్తే ఇక్కడే పెట్టండి. నా పెయింట్ మీటరు ఖాళీగానే పడి ఉంది, బెంగళూరు వెళ్లేటప్పుడు జైపూర్ వచ్చి పట్టుకెళ్లండి.