ఊపిరి చూసి కామా పెట్టించకు

అమ్మాయ్,

వచ్చే ఆదివారం నుంచి మీ అపార్ట్‌మెంట్‌లో నలుగురు పిల్లలకి శాట్ (అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే పరీక్ష) ఇంగ్లిష్ చెప్పడానికి ఒప్పుకున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మంచి పనే. కానీ "కామాలు, సెమీకోలన్‌లేగా, ఒక గంటలో అయిపోతాయి" అన్నావట. నవ్వొచ్చింది, ఎందుకంటే ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో మొదటి బ్యాచ్ పెట్టినప్పుడు నేనూ అచ్చం అలాగే అనుకున్నాను.

మొదటి రెండేళ్లు నేను పిల్లలకి చెప్పింది, చిన్నప్పుడు మా టీచర్లు మాకు చెప్పిందే. చదువుతూ ఎక్కడ ఊపిరి తీసుకుంటావో అక్కడ కామా పెట్టు, అంతే. ఒకరోజు ఒక పిల్లాడు నాలుగు లైన్ల వాక్యాన్ని గుక్క తిప్పుకోకుండా చదివేసి, "నేను స్విమ్మింగ్‌కి వెళ్తాను ఆంటీ, నాకు ఊపిరి చాలుతుంది, మరి నేను కామా పెట్టక్కర్లేదా?" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. వాడు వెటకారానికి అడగలేదు, నేను చెప్పిన రూల్ ప్రకారం వాడిదే కరెక్టు. అప్పటిదాకా ఎంతమందికి తప్పు నేర్పానో అని నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

కాబట్టి ఊపిరి మాట ఎత్తకు, క్రియతో మొదలుపెట్టు. మనం "వాడు బస్సు దిగి, టీ తాగి, ఆఫీసుకి వెళ్లాడు" అంటాం. దిగి, తాగి అన్నంతసేపూ వింటున్నవాడు ఎదురుచూస్తూనే ఉంటాడు, "వెళ్లాడు" రాగానే వాక్యం తలుపు పడుతుంది. మన పాత రాతల్లో ఒంటి గీతో రెండు గీతలో తప్ప కామా అనేదే లేదు, అవన్నీ అచ్చుపుస్తకాలతో పాటు వచ్చినవి. వాక్యం అయిపోయిందని చివర ఉన్న క్రియే చెప్పేస్తుంది మరి. ఇంగ్లిష్‌లో క్రియ మధ్యలో వచ్చేసి, దాని వెనక ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్నీ తోకలా వేలాడతాయి, ఆ తోక ఎక్కడ తెగిందో మన పిల్లలకి తెలియదు. తెలియక ఒక కామా పడేసి తర్వాతి వాక్యం మొదలుపెట్టేస్తారు. పైగా వాట్సాప్‌లో వాళ్లకి మెసేజ్ పంపడమే ఫుల్‌స్టాప్.

బోర్డు మీద ఇది రాయి: "సి.వి.రామన్ వన్ ద నోబెల్ ప్రైజ్ ఇన్ 1930, హి మూవ్డ్ టు బెంగళూరు ఇన్ 1933." (ఇక్కడి పాతవాళ్లు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అనే ఐఐఎస్‌సీకి, అంటే ఇక్కడి సైన్స్ పరిశోధనా సంస్థకి, డైరెక్టర్‌గా వచ్చారాయన, పిల్లలు ఆ గేటు ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్లి ఉంటారు.) తెలుగులో చెప్పమను. "గెలిచారు", "వచ్చారు" అంటారు. రెండు సమాపక క్రియలు (అంటే వాక్యాన్ని ముగించేవి), రెండు కర్తలు, మధ్యలో ఒక్క కామా. ఆ బరువుకి అది ఆగదు. ఫుల్‌స్టాప్ పెట్టాలి, లేదా సెమీకోలన్, లేదా కామా పక్కన "అండ్" ఉండాలి. ఇప్పుడు దాన్నే కాస్త మార్చు: "సి.వి.రామన్, హూ వన్ ద నోబెల్ ప్రైజ్ ఇన్ 1930, మూవ్డ్ టు బెంగళూరు ఇన్ 1933." ఇప్పుడు తెలుగులో ఏమంటారు? "గెలిచిన రామన్ వచ్చారు." గెలిచిన అనేది అసమాపకం, అంటే వాక్యాన్ని ముగించదు, కాబట్టి ఇక్కడ ఒకటే వాక్యం. "హావింగ్ వన్" అంటే "గెలిచి", అదీ అంతే. క్లాసులో ఒక పిల్ల ఇది అర్థమయ్యాక "అయితే హూ వస్తే ఆ క్రియ లెక్కలోకి రాదా?" అంది, రెండు వారాలు నేను గొంతు చించుకున్నది ఒక్క ముక్కలో చెప్పేసింది.

తెలుగు చదవడం రాని పిల్లలుంటే కంగారుపడకు. ఇంట్లో మాట్లాడేది చాలు. స్కూల్లో కన్నడ చదివేవాళ్లకి "బందు, తిందు, మలగిద" (వచ్చి, తిని, పడుకున్నాడు) అని చూపించు, అక్కడా లెక్క ఇదే. అయితే ఈ చిట్కాని మొదటి రెండు వారాల చేతికర్రలాగే వాడు. "బికాజ్" ఉన్న ముక్కని మనం "రాలేదు కాబట్టి" అంటాం, చూడ్డానికి అది సమాపకంలా ఉంటుంది గానీ ఇంగ్లిష్‌లో ఆ ముక్క సొంతంగా నిలబడదు. కొన్నాళ్లకి వాళ్లు నేరుగా ఇంగ్లిష్‌లోనే కర్తనీ క్రియనీ పట్టుకోవాలి.

తర్వాత ఎక్కువ టైమ్ తినేది "హౌఎవర్". పిల్లలు దాన్ని "బట్" తమ్ముడు అనుకుంటారు. "బట్" ముందు కామా ఉంటే రెండు వాక్యాలు కలుస్తాయి, "హౌఎవర్" ముందు కామా సరిపోదు, ఫుల్‌స్టాపో సెమీకోలనో కావాలి. ఇంతవరకూ అందరూ చెప్తారు. కష్టమైనది ఇంకొకటుంది. "పీపుల్ ఎక్స్‌పెక్టెడ్ రెయిన్ ఇన్ జూన్. ఇట్ కేమ్ ఇన్ మే, హౌఎవర్; ద లేక్స్ ఫిల్డ్ అర్లీ." ఇక్కడ సెమీకోలన్ "హౌఎవర్" తర్వాత ఎందుకుంది? జూన్ అనుకుంటే మేలో వచ్చింది, తేడా ఉన్నది అక్కడ. చెరువులు ముందే నిండడం మేలో వాన పడ్డందువల్లే, అందులో "అయితే" అనాల్సిందేమీ లేదు. సెమీకోలన్ ముందు పెట్టినా గ్రామర్ తప్పు కాదు, అర్థమే తప్పుతుంది. మంచి మార్కులొచ్చే పిల్లలు కూడా ఇక్కడ బోల్తా పడతారు, దీనికి ఒక క్లాసు పూర్తిగా ఇవ్వు.

కోలన్ తేలిక. దాని ఎడమవైపు పూర్తి వాక్యం ఉండాలి, కుడివైపు ఏమున్నా ఫర్వాలేదు. "సచ్ యాజ్" తర్వాత కోలన్ పెట్టేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరుంటారు. డాష్‌తో మొదలైన అదనపు ముక్క వాక్యం మధ్యలో ఉంటే డాష్‌తోనే మూయాలి, కామాతో మొదలైతే కామాతోనే. చెప్పుల్లో ఒక జతలోది ఒకటి, ఇంకో జతలోది ఒకటి వేసుకుని బయల్దేరం కదా. "ఫిజిసిస్ట్, సి.వి.రామన్, వన్" అని పేరుకి అటూ ఇటూ కామాలు పెడితే పేరు తీసేసి చదవమను, "ఫిజిసిస్ట్ వన్" అని మిగులుతుంది, అది నిలబడదని వాళ్లకే తెలుస్తుంది, అంటే అక్కడ కామాలే వద్దు. ప్రశ్నార్థకం విషయంలో మాత్రం మన భాషే కాపాడుతుంది. "బస్సు ఎక్కడుంది?" అంటే ప్రశ్న, "బస్సు ఎక్కడుందో అడిగాను" అంటే ఎక్కడుందో చివర ఆ "ఓ" రాగానే అది ప్రశ్న కాదు, ఫుల్‌స్టాప్.

పరీక్ష లెక్కలు నీకు తెలిసే ఉంటాయి గానీ ఒకసారి చెప్తాను. రీడింగ్ అండ్ రైటింగ్‌లో మొత్తం 54 ప్రశ్నలు, 27 చొప్పున రెండు మాడ్యూల్స్, ఒక్కోదానికి 32 నిమిషాలు. గ్రామర్, పంక్చుయేషన్ కలిపి 11 నుంచి 15 వస్తాయి. మాడ్యూల్‌లో చదివి అర్థం చేసుకునే ప్రశ్నలన్నీ అయ్యాక ఇవి మొదలై మళ్లీ తేలిక నుంచి కష్టానికి వెళ్తాయి. పిల్లలు అప్పటికే అలసిపోయి, మొదటి మాడ్యూల్‌లో తేలికైన కామా ప్రశ్నలు పారేసుకుంటారు, రెండో మాడ్యూల్ తేలిగ్గా ఉండాలో కష్టంగా ఉండాలో తేల్చేది ఆ మొదటిదే. ఇంకో చిట్కా కూడా ఉంది: రెండు ఆప్షన్లలో మాటలన్నీ ఒకటే అయి, ఒకదాంట్లో ఫుల్‌స్టాప్, ఇంకోదాంట్లో సెమీకోలన్ మాత్రమే తేడా అయితే రెండూ తప్పే, ఎందుకంటే రెండూ చేసే పని ఒకటే. కానీ దీన్ని నెల దాటాకే చెప్పు. ముందే చెప్తే వాక్యం చదవడం మానేసి ఆప్షన్లే చూస్తారు, నా అనుభవం.

వంద బిట్లు ఇచ్చి కూర్చోబెట్టకు. ఒక చిన్న పేరా తీసుకుని గుర్తులన్నీ చెరిపేసి ఇవ్వు, పెట్టమను, ప్రతి గుర్తుకీ ఎందుకో నోటితో చెప్పించు. తప్పుల నోటుబుక్‌లో "కామా తప్పు" అని రాస్తే ఒప్పుకోకు, "రెండు వాక్యాల మధ్య ఉత్త కామా పెట్టాను" అని రాయించు. నెల తిరక్కుండానే ఎవరో ఒక తల్లి ఫోన్ చేసి స్కోరు ఎంత పెరిగిందని అడుగుతుంది, టెన్షన్ పడకుండా ఆ నోటుబుక్ చూపించు.

శనివారం సాయంత్రం ఇటు రా, ఆ చెరిపేసిన పేరాలు నా దగ్గర ఒక ఫైలు నిండా ఉన్నాయి. జెరాక్స్ తీసుకుని ఒరిజినల్ తెచ్చియ్యి, పోయినసారి పట్టుకెళ్లిన స్టెప్లర్ కూడా.

అత్త