కంప్యూటర్ తెరవగానే వచ్చే ‘రన్‌డీఎల్‌ఎల్’ పెట్టె: ఫార్మాట్ అవసరం లేదు

మీరు లాగిన్ అయిన ప్రతిసారీ ‘రన్‌డీఎల్‌ఎల్’ (డీఎల్‌ఎల్ అనే ప్రోగ్రామ్ ఫైళ్లను నడిపే విండోస్ భాగం) పేరుతో చిన్న పెట్టె వచ్చి ఫలానా ఫైలు దొరకలేదంటోందని, యాంటీవైరస్ ఏదో తొలగించాకే ఇది మొదలైందని రాశారు. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో ఫార్మాట్ (డిస్కులోనివన్నీ చెరిపేసి విండోస్ మళ్లీ వేయడం) చేయించుకోమన్నారట. దయచేసి తొందరపడకండి. ఇంత చిన్నదానికి పిల్లల ఫోటోలు పణంగా పెట్టనక్కర్లేదు.

యాంటీవైరస్ ఆ ఫైలును తీసేసింది గానీ, దాన్ని పిలిచే ఆదేశం విండోస్‌లో అలాగే ఉండిపోయినట్టుంది. వెతకాల్సింది దాన్నే. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి ఆటోరన్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ దించుకుని, అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. ‘ఎవ్రీథింగ్’ ట్యాబులో పసుపు రంగు వరసలు చూడండి, ఫైలు కనబడని ఎంట్రీలు అవే. పెట్టెలో ఉన్న ఫైలు పేరు ఏ వరసలో కనిపిస్తే దానికి మాత్రమే టిక్కు తీసేయండి. డిలీట్ చేయవద్దు, పొరపాటైతే మళ్లీ టిక్కు పెట్టుకోవచ్చు. పసుపుగా ఉన్నవన్నీ తీసేయడం మాత్రం అస్సలు వద్దు.

పెట్టె గంటకోసారి కూడా వస్తుంటే నా అనుమానం, నిర్ణీత వేళకు ప్రోగ్రాములను నడిపే విండోస్‌లోని టాస్క్ షెడ్యూలర్ మీదే. అక్కడ ‘యాక్షన్స్’లో ‘రన్‌డీఎల్‌ఎల్32’ పక్కన అదే ఫైలు పేరున్న టాస్కును డిసేబుల్ చేయండి. తర్వాత విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ అయిన డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ తప్పక చేయండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి సుమారు 15 నిమిషాలు పడుతుంది, తెరిచిన పనులన్నీ ముందే సేవ్ చేసుకోండి.