యార్డు సంగతి తర్వాత, ముందు నీ రొమ్ము సంగతి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీర్వదించి రాయునది ఏమనగా,

గుండెకు బైపాస్ ఆపరేషన్ చేయించుకోవడానికి ఒప్పుకున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. చిన్నప్పుడు సూది అంటేనే గడ్డివామి వెనక దాక్కునేవాడివి, ఇప్పుడు మూడు రక్తనాళాలు పూడుకుపోయాయని తెలిసినా ధైర్యంగా నిలబడ్డావు. గర్వంగా ఉంది నాయనా. కానీ నెల తిరిగేసరికి ఆదోని మార్కెట్ యార్డులో ఉంటానన్నావంట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

బీడీ ఈ రోజే మానెయ్. షుగర్ అదుపులో పెట్టుకో. వాడుతున్న మాత్రలన్నీ డాక్టరుకు చూపించు.

ఆపరేషన్‌కు నాలుగైదు గంటలు పట్టొచ్చు. కాలి నుంచి తీసిన సిరతో, రొమ్ము లోపలి ధమనితో పూడిక దాటించి రక్తానికి కొత్త దారి వేస్తారు. మెలకువ వచ్చేసరికి గొంతులో గొట్టం ఉంటుంది, మాట రాదు. నాకు ఆపరేషన్ అయినప్పుడు మాటే పడిపోయిందేమోనని బెదిరిపోయినా. గొట్టం తీశాక మాట వస్తుంది, భయపడొద్దు. ఐసీయూలో ఒకటి రెండు రోజులు, మొత్తం మీద వారం. మూడు బంతులున్న డబ్బా ఇచ్చి గాలి పీల్చమంటారు. విసుక్కోకుండా పీల్చు, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరకుండా కాపాడేది అదే. దగ్గొస్తే దిండు రొమ్ముకు హత్తుకొని దగ్గు.

ఇక అసలు సంగతి. మీ చిన్నమామకు ఏమైందో నీకెవరూ పూర్తిగా చెప్పలేదు. ఆపరేషన్ అయిన ఐదో వారంలో కుట్లు మానినాయి, నొప్పి తగ్గింది, బాగైపోయినా అనుకున్నాడు. ఆటోలోంచి బుడ్డల (వేరుశనక్కాయల) మూట దించబోతే కూలివాడు ఒక కొస పట్టుకున్నాడు, రెండో కొస ఈయన పట్టినాడు. ఆ రాత్రి పక్కకు తిరిగితే రొమ్ములో టక్కుమని చప్పుడు. అరచెయ్యి పెట్టి చూస్తే ఎముక కదులుతోంది. ఎవరికీ చెప్పలేదు. బనియన్ మీద చీము మరక కనిపించకుండా ఇంట్లో కూడా భుజాన టవల్ వేసుకొని తిరిగినాడు. జ్వరం వచ్చి వణుకుతుంటే మీ అత్త ఆ టవల్ లాగి చూసింది. మళ్లీ రొమ్ము తెరిచి, శుభ్రం చేసి, తీగలు బిగించినారు. మొదటిసారి కంటే ఎక్కువ రోజులు ఆసుపత్రిలో పడి ఉన్నాడు. షుగర్ ఉండటంతో పుండు ఎంతకీ మానలేదు.

రొమ్ము ఎముకను నిలువునా కోసి స్టీలు తీగలతో కడతారు అల్లుడూ. పైన చర్మం తొందరగానే అతుక్కుంటుంది, లోపల ఎముక గట్టిపడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా బిందె ఎత్తొద్దు, మనవడిని చంకన వేసుకోవద్దు, డాక్టరు సరేననేదాకా బండి ముట్టుకోవద్దు. జ్వరమొచ్చినా, చీము కారినా, ఎముక టక్కుమన్నా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పో. దాచినావంటే నేను క్షమించను.

కొన్నాళ్లు అన్నం సయించదు, నిద్ర పట్టదు. ఊరికే ఏడుపొస్తుంది. నాకూ వచ్చేది, మీ అత్త పక్కన కూర్చునేది. సిగ్గుపడొద్దు, అమ్మాయితో చెప్పు. రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ నడువు. ఊరగాయ తగ్గించు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్రలు ఎంత బాగున్నా సొంతంగా ఆపొద్దు.

ఈ పంటకు యార్డులో నేను కూర్చుంటా. హమాలీలకు ఎంత ఇస్తున్నావో, ఎవరెవరి బాకీలున్నాయో అమ్మాయితో రాయించి పంపు.

మీ మామ