గోల్డ్‌ఫిష్ తోటి చేపను తరుముతుంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా తొట్టి 100 లీటర్లది. గోల్డ్‌ఫిష్ రకాల్లో ఒరాండా ఒకటి, బ్లాక్ మూర్ ఒకటి ఏడాదిగా అందులో ఏ గొడవా లేకుండా ఉన్నాయి. రెండు నెలల క్రితం కామెట్ రకం గోల్డ్‌ఫిష్‌ని ఒకదాన్ని తెచ్చి వేశాం. కొన్నాళ్లు బాగానే ఉంది. ఇప్పుడది రోజంతా మూర్ వెంటపడి తోక కొరుకుతోంది. మూర్ తోక అంచులు పీలికలయ్యాయి. ఎప్పుడు చూసినా ఫిల్టర్ వెనకే నక్కి ఉంటోంది. కామెట్‌కి ఎందుకింత కోపం? ఎలా మాన్పించాలి?

జవాబు: గోల్డ్‌ఫిష్ జాగా కోసం పోట్లాడే చేప కాదు. సిక్లిడ్ జాతి చేపలు తొట్టిలో ఒక మూలను సొంతం చేసుకుని అటు వచ్చిన ప్రతి చేపనూ తరిమికొడతాయి. గోల్డ్‌ఫిష్‌కి ఆ స్వభావం లేదు. అది ఇంకో చేప వెంట పడిందంటే కారణం సాధారణంగా మేత, జతకట్టడం, ఇరుకు, లేదా ఎదుటి చేప బలహీనంగా ఉండటం. వీటిలో ఏదో తేల్చుకోవాలంటే ఒకటి రెండు రోజులు తొట్టి ముందు కాసేపు కదలకుండా కూర్చుని, ఎప్పుడు తరుముతోందో, ఒంట్లో ఎక్కడ పొడుస్తోందో చూడాలి.

మేత వేసినప్పుడే తోపులాట మొదలై పావుగంటలో సద్దుమణిగితే అది ఆకలి గొడవ. వెనక నుంచి వచ్చి పొట్ట కింద, తోక మొదట్లో ముక్కుతో నెడుతుంటే అది జతకట్టే వ్యవహారం. వేళాపాళా లేకుండా ఒకే చేపను పట్టుకుని తోకా రెక్కలూ కొరుకుతుంటే, ఆ చేప తప్పించుకోలేనిదైనా అయి ఉండాలి, తొట్టి ఇరుకైనా అయి ఉండాలి. మీ ఇంట్లో ఈ రెండూ ఉన్నాయి.

కామెట్ సన్నటి ఒళ్లున్న చేప, ఈతలో మహా చురుకు. బ్లాక్ మూర్‌ది గుండ్రటి పొట్టి ఒళ్లు, జంట తోక, ముందుకు పొడుచుకొచ్చిన కళ్లు. ఆ కళ్లతో దానికి సరిగ్గా కనిపించదు. మేత ఎక్కడ పడిందో అది వెతుక్కునేలోగా కామెట్ అంతా ఊడ్చేస్తుంది. పైగా గోల్డ్‌ఫిష్‌కి కడుపు సంచి ఉండదు, తిన్నది నేరుగా పేగులోకే పోతుంది. అందుకే అది రోజంతా ఏదో ఒకటి నోట పెట్టి చూస్తూనే ఉంటుంది. కళ్లెదుట నెమ్మదిగా ఊగే పొడవాటి తోక కనబడితే దాన్నీ నోట పెడుతుంది. మూర్ పారిపోలేదు కాబట్టి ఆ పని అలవాటుగా మారుతుంది. కోపం అనే మాట ఇక్కడ వర్తించదు.

ఇక నీళ్ల లెక్క. ఒరాండా, మూర్ లాంటి జంట తోక రకాలకు మొదటి చేపకు 75 లీటర్లు, ఆపై ఒక్కో చేపకు మరో 40 లీటర్ల చొప్పున ఉండాలన్నది చాలామంది పాటించే లెక్క. దాని ప్రకారం మీ తొట్టి పాత రెండు చేపలకే కాస్త తక్కువ. కామెట్ 25 నుంచి 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. దానికి కనీసం 200 లీటర్ల పొడవాటి తొట్టి, వీలైతే చిన్న చెరువు కావాలి.

ఇవాళే చెయ్యాల్సిన పనులు చెబుతాను. ముందు కామెట్‌ని వేరు చెయ్యండి. దెబ్బలు తిన్న చేపను తియ్యడం చాలామంది చేసే పని. అలా చేస్తే అది కొత్త చోట బెదిరిపోతుంది, తిరిగి వేసినప్పుడు మిగతావాటికి కొత్త చేపై మళ్లీ దెబ్బలు తింటుంది. మూర్ ఒంటి మీద దూదిలాంటి తెల్లటి పొర గానీ ఎర్రటి పుండు గానీ ఉంటే మాత్రం దాన్ని విడిగా పెట్టి వైద్యం చెయ్యాల్సిందే. కామెట్ కోసం ప్రస్తుతానికి 50 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, ఎయిర్ పంపు, ఒక స్పాంజ్ ఫిల్టర్ చాలు. కానీ కొత్త స్పాంజ్‌లో చేపల మురికిని హరించే మంచి బ్యాక్టీరియా ఉండదు. ఇప్పుడు నడుస్తున్న ఫిల్టర్‌లోని పాత స్పాంజ్ సగం కోసి అందులో పెట్టండి. టబ్బుపై వల గానీ మూత గానీ తప్పనిసరి, కామెట్ ఎగిరి బయట పడుతుంది.

టబ్బు లేకపోతే తొట్టి మధ్యలో ప్లాస్టిక్ జాలీ నిలబెట్టండి. రంధ్రాలు చేప తల దూరనంత చిన్నవిగా, నీళ్లు ధారాళంగా అటూ ఇటూ పారేంత పెద్దవిగా ఉండాలి. ఫిల్టర్ ఒకవైపే ఉంటుంది కాబట్టి రెండోవైపు ఎయిర్ స్టోన్ పెట్టండి. అడుగున వేలెడు సందు వదిలినా కామెట్ దూరిపోతుంది, కంకరలోకి దించి బిగించండి.

తర్వాత నీళ్లు పరీక్షించండి. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 40 పీపీఎమ్ (లీటరుకు 40 మిల్లీగ్రాములు) లోపు ఉండాలి. అమ్మోనియా పెరిగితే మొప్పలు మండి చేపలు ఉన్నట్టుండి దూసుకుపోతాయి, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటాయి. చూసేవాళ్లకు అదీ పోట్లాటలాగే అనిపిస్తుంది. రీడింగ్ ఎంత వచ్చినా ఇవాళ సగం నీళ్లు మార్చండి. కొత్త నీళ్లలో క్లోరిన్ తీసే మందు కలిపి, పాత నీళ్ల వేడికి ఒకటి రెండు డిగ్రీల తేడా మించకుండా చూసుకుని పొయ్యండి.

కామెట్‌ని వారం తర్వాత తిరిగి వెయ్యొచ్చా అంటే, ఒరాండా లాంటి చేపల మధ్య గొడవైతే వెయ్యొచ్చంటాను. రాళ్లూ మొక్కలూ జాగాలు మార్చి, మేత వేశాక వదిలితే చాలాసార్లు పాత అలవాటు పోతుంది. మీ కామెట్ విషయంలో మాత్రం వద్దు. మూర్ చూపు మెరుగుపడదు, కామెట్ వేగం తగ్గదు. కామెట్లు, వాటిలాంటి ఒళ్లున్న షుబుంకిన్లు ఉన్న పెద్ద తొట్టి గలవాళ్లెవరికైనా ఇచ్చెయ్యండి. చెరువులోనో కాలవలోనో వదలడం మాత్రం తప్పు. గోల్డ్‌ఫిష్ అక్కడ బతికి, అడుగు మట్టి తవ్వి నీళ్లు మురికి చేసి, అక్కడి చేపలకు ఎసరు పెడుతుంది.

ప్రశ్న: మూర్ లాంటి నెమ్మది చేపకు మేత అందేలా ఎలా వెయ్యాలి?

జవాబు: తేలే మేత మానెయ్యండి. మునిగే గుళికల్ని తొట్టి నీళ్లలోనే రెండు మూడు నిమిషాలు నానబెట్టి, ఒకేసారి రెండు చివర్లా వెయ్యండి. చురుకైన చేప ఒక చివర తింటుండగా రెండోది ఇంకో చివర తింటుంది. మూర్‌కి రోజూ ఒకే మూల, అడుగున వెయ్యండి. చూపు తక్కువైనా ఆ చోటు గుర్తుపెట్టుకుని, వాసన పట్టుకుని వస్తుంది. రెండు నిమిషాల్లో అయిపోయేంతే, రోజుకు రెండుసార్లు. ఆకలితో కొట్టుకుంటున్నాయని మేత రెట్టింపు చేస్తే మిగిలింది కుళ్లి అమ్మోనియా అవుతుంది, అసలు గొడవకు ఇంకోటి తోడవుతుంది.

ప్రశ్న: మా మూడు ఫాన్‌టెయిల్ రకం గోల్డ్‌ఫిష్‌లలో రెండు కలిసి మూడోదాన్ని పొద్దుటినుంచీ తరుముతున్నాయి. తరిమేవాటి మొప్పల మీద తెల్ల చుక్కలున్నాయి. తెల్లమచ్చల జబ్బని చెప్పి మందిచ్చారు, నిన్నటినుంచీ వేస్తున్నాం. ఆపాలా?

జవాబు: చుక్కలు ఎక్కడున్నాయో దగ్గర్నుంచి చూడండి. మొప్ప మూతల మీద, పక్క రెక్కల ముందు ముల్లు వెంబడి మాత్రమే, వరసగా, ఒకే సైజులో ఉంటే అది జబ్బు కాదు. జతకట్టే కాలంలో మగచేపకు వచ్చే బుడిపెలు అవి. తెల్లమచ్చల జబ్బు చుక్కలు ఉప్పు చల్లినట్టు ఒళ్లంతా, తోక మీదా రెక్కల మీదా చెదురుమదురుగా ఉంటాయి. రోజురోజుకీ పెరుగుతాయి. చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది. మూడోదాన్ని పైనుంచి చూడండి. పొట్ట ఒకవైపు ఎక్కువ ఉబ్బి కనిపిస్తే అది గుడ్లతో ఉన్న ఆడచేప.

బుడిపెలేనని తేలితే మందు ఆపండి. సగం నీళ్లు మార్చి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెడితే మిగిలిన మందు పోతుంది. మందు వేసేముందు కార్బన్ తీసి ఉంటే కొత్తది పెట్టండి, వాడేసిన పాతది పనిచెయ్యదు.

ఇలా తరమడం ఒక్కోసారి గంటల తరబడి సాగుతుంది. ఇద్దరు మగవాళ్ల మధ్య చిక్కిన ఆడచేప పొలుసులు రాలి, సొమ్మసిల్లి పక్కకు ఒరిగిపోయే ప్రమాదం ఉంది. గుబురు మొక్కలు గానీ నూలు కుచ్చులు గానీ వేస్తే గుడ్లు వాటికి అంటుకుంటాయి, ఆడచేపకు కాస్త దాక్కునే చోటూ దొరుకుతుంది. రెక్కలు ముడుచుకుని అడుగున పడి ఉంటే ఇక ఆలస్యం చెయ్యకుండా జాలీ అడ్డం పెట్టి రెండు మూడు రోజులు విశ్రాంతినివ్వండి. ఇక్కడ మాత్రం ఎవరిని వేరు చేసినా ఫరవాలేదు, కాలం గడిస్తే మగవి వాటంతటవే చల్లబడతాయి. గుడ్లు పెట్టిన రోజు నీళ్లు మసకబారి నురగ కడతాయి. అమ్మోనియా ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి అదే రోజు సగం నీళ్లు మార్చాలి. పిల్లలు కావాలంటే గుడ్లంటిన కుచ్చుల్ని వేరే టబ్బులోకి మార్చండి, లేదంటే తల్లీతండ్రులే తినేస్తాయి.

ప్రశ్న: గోల్డ్‌ఫిష్‌తో ఏయే చేపలు పెట్టొచ్చు? పాచి తినే సక్కర్ ఫిష్ ఒకటి ఉంటే తొట్టి శుభ్రంగా ఉంటుందంటున్నారు, నిజమేనా?

జవాబు: సక్కర్ ఫిష్ వద్దు. పెద్ద రకం సక్కర్ 30 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, తిన్నంతా విసర్జించి తొట్టిని ఇంకా మురికి చేస్తుంది. అంతకంటే పెద్ద ముప్పు రాత్రిపూట. నిద్రలో ఉన్న గోల్డ్‌ఫిష్ పక్కకు అంటుకుని ఒంటి మీది జిగురు పొర గీరి తింటుంది. ఉదయాన్నే చేప పక్కన పొలుసులు లేచిపోయి గుండ్రటి ఎర్ర మచ్చ కనిపిస్తే అది తోటి గోల్డ్‌ఫిష్ పని కాదు. చైనీస్ ఆల్జీ ఈటర్ కూడా ఇదే పని చేస్తుంది, పెరిగేకొద్దీ దుడుకవుతుంది. పాచికి అసలు మందు లైటు రోజుకు 8 గంటలకు తగ్గించడం, వారం వారం నీళ్లు మార్చడం, అద్దం గీరడం.

గోల్డ్‌ఫిష్‌కి అన్నిటికన్నా మంచి తోడు దానిలాంటి ఒళ్లున్న ఇంకో గోల్డ్‌ఫిష్. కామన్, కామెట్, షుబుంకిన్ ఒక జట్టు. ఫాన్‌టెయిల్, ఒరాండా, ర్యూకిన్ మరో జట్టు. ఇందులో ర్యూకిన్ కాస్త దూకుడు, మేత దగ్గర దాన్ని కనిపెట్టి ఉండాలి. బ్లాక్ మూర్, సెలెస్టియల్, బబుల్ ఐ లాంటి చూపు తక్కువ రకాలు మూడో జట్టు. బబుల్ ఐ కళ్ల కింది నీటి సంచులు ఇంకో చేప కొరికితే చిట్లిపోతాయి, దాన్ని తనలాంటి వాటితోనే, పదునైన రాళ్లు లేని తొట్టిలో ఉంచాలి. సైజు కూడా ముఖ్యం. చిన్నది పెద్దదానిలో సగం కన్నా తక్కువుంటే ఒకే రకమైనా కలపను.

ఇతర జాతుల్లో నేను ధైర్యంగా చెప్పేది డోజో లోచ్. గోల్డ్‌ఫిష్‌కి నచ్చే 18 నుంచి 23 డిగ్రీల నీళ్లే దానికీ నచ్చుతాయి. అడుగున తిరుగుతుంది, ఎవరి జోలికీ పోదు. మూడైనా కలిసి ఉండాలి, అడుగున మెత్తటి ఇసుక, పైన సందులేని మూత కావాలి. వైట్ క్లౌడ్ మినోకి కూడా చల్లటి నీళ్లు సరిపోతాయి గానీ అది 4 సెంటీమీటర్లే ఉంటుంది. గోల్డ్‌ఫిష్ తన నోట్లో పట్టేదాన్ని మింగేస్తుంది కాబట్టి పెద్ద గోల్డ్‌ఫిష్ ఉన్న తొట్టిలో వెయ్యొద్దు. పెద్ద మిస్టరీ నత్తలు ఉండగలవు, వాటి మీసాలు అప్పుడప్పుడూ కొరికించుకుంటాయి. రొయ్యలు మేతే.

కోరీడోరస్ చిన్నగా, సాధువుగా ఉంటుంది కాబట్టి చాలామంది తెచ్చి వేస్తారు. దాని వీపు రెక్కలో, పక్క రెక్కల్లో గట్టి ముళ్లుంటాయి, బెదిరితే నిటారుగా బిగుసుకుంటాయి. గోల్డ్‌ఫిష్ మింగబోతే అవి గొంతులో అడ్డం పడి రెండూ చస్తాయి. టైగర్ బార్బ్ పొడవాటి తోకల్ని వదలదు. బెట్టా, ఏంజెల్ వంటివి 25 డిగ్రీల పైబడిన నీళ్లు కోరుకుంటాయి. అంత వేడిలో నీళ్లలో ఆక్సిజన్ తగ్గి గోల్డ్‌ఫిష్ పైకొచ్చి నోరు తెరిచే ప్రమాదం ఉంది. కోయి 60 సెంటీమీటర్లకు పెరుగుతుంది, దానికి చెరువే. తాబేలు గోల్డ్‌ఫిష్‌ని తింటుంది.

ప్రశ్న: మిగతావాటన్నిటినీ కొట్టే గోల్డ్‌ఫిష్‌ని ఒంటరిగా ఉంచితే బెంగ పెట్టుకుంటుందా?

జవాబు: గోల్డ్‌ఫిష్‌కి తోడు ఇష్టమే. అయినా ఒంటరిగా, చాలినన్ని నీళ్లలో, వేళకు మేత తింటూ ఏళ్ల తరబడి ఆరోగ్యంగా ఉంటుంది. ఒక చేపను కాపాడటానికి ఇంకో మూడింటిని రోజూ హింస పెట్టక్కర్లేదు.

ప్రశ్న: చిరిగిన తోక మళ్లీ వస్తుందా? ఉప్పు వెయ్యాలా?

జవాబు: తోక మొదలు దాకా పోకపోతే తప్పకుండా వస్తుంది. చిరుగు అంచున ముందు గాజులాంటి పల్చటి పొర కనిపిస్తుంది, రంగు తర్వాత వస్తుంది. అది కనిపిస్తే మందులేవీ వద్దు, శుభ్రమైన నీళ్లే చాలు. అంచు పాలలా తెల్లబడి లేదా ఎర్రబడి రోజురోజుకీ లోపలికి తింటూ పోతుంటే అది రెక్క కుళ్లు. అప్పుడు చేపను వేరే టబ్బులో పెట్టి, అయోడిన్ కలపని ఉప్పు లీటరుకు 1 గ్రాము చొప్పున మొదలుపెట్టండి. 50 లీటర్లకు 50 గ్రాములు. ముందుగా వేరే గిన్నెలో కరిగించి, మూడు వాయిదాల్లో ఒక రోజంతా తీసుకుని పొయ్యండి. అవసరమైతే లీటరుకు 3 గ్రాముల దాకా పెంచొచ్చు, ఆపైన వద్దు. మొక్కలు, నత్తలు, లోచ్‌లు ఉన్న తొట్టిలో ఇది చెయ్యకూడదు. ఆవిరైపోయిన నీళ్ల బదులు మామూలు నీళ్లే పొయ్యండి, ఉప్పు ఆవిరి కాదు. నీళ్లు మార్చినప్పుడు మాత్రం తీసినన్ని లీటర్లకు సరిపడా ఉప్పు తిరిగి కలపాలి. వారం పది రోజులైనా కుళ్లు ఆగకపోతే చేపల వైద్యుడికి చూపించాలి, ఉప్పు మోతాదు పెంచుకుంటూ పోకూడదు.