స్వాతికి, పిటిషన్ రాసే ముందు

చిరంజీవి స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. నువ్వూ నీ స్నేహితులూ కలిసి ఎమ్మెల్యేల జీతాలు, పెన్షన్లు, సౌకర్యాల మీద సంతకాలు సేకరిస్తున్నారనీ, అసెంబ్లీకి పిటిషన్ ఇస్తారనీ, అవసరమైతే కోర్టుకు కూడా వెళ్తారనీ చెప్పింది. "నీ పోలికే వచ్చిందక్కా, నువ్వే ఆపాలి" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. భయమేసింది. మన ఇంట్లో ఇంకొకరికి ఈ కోపం వచ్చినందుకు సంతోషం కూడా వేసింది.

నిన్ను ఆపడానికి రాయడం లేదు తల్లీ. ముప్పై రెండేళ్లు ట్రెజరీలో పనిచేశాను. ఓచర్ చూడకుండా ఏ బిల్లూ పాస్ చెయ్యలేదు. నీ దగ్గర ఏ ఓచర్లున్నాయో చూద్దామనే ఈ ఉత్తరం.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. పిటిషన్ తెలుగులో ఉండాలి. ప్రతి సంతకం పక్కన ఊరు, తేదీ రాయించు. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు అడగకు. చందా పది రూపాయలైనా రసీదు ఇవ్వు. ఏ పార్టీ వాళ్ల కారూ ఎక్కకు. వాట్సాప్‌లో తిరిగే జీతాల జాబితాలు ఒక్కటి కూడా వాడకు.

లెక్కల కోసం సమాచార హక్కు చట్టం కింద అసెంబ్లీ సచివాలయానికి దరఖాస్తు పెట్టు. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. జవాబు రాకపోతే మొదటి అప్పీలు. ఎంతమందికి పెన్షన్ వస్తోంది, ఏడాదికి ఎంత ఖర్చవుతోంది, ఒక టర్మ్ వాళ్లకు ఎంత, నాలుగు టర్మ్‌ల వాళ్లకు ఎంత, ఇవి అడుగు. పేర్లు మాత్రం అడగకు. ఎందుకో కింద చెప్తాను.

కోర్టు మాట ఇప్పుడే వద్దు. మాజీ ఎంపీల పెన్షన్ తప్పని వేసిన కేసును సుప్రీంకోర్టు 2018లో కొట్టేసింది, అది చట్టసభ తేల్చుకోవాల్సిన విషయమంది. ఎమ్మెల్యేల జీతభత్యాలు శాసనసభే చట్టం చేసి నిర్ణయించుకోవాలని రాజ్యాంగం 195వ అధికరణంలో ఉంది. వకీలు ఫీజుకు పోసే డబ్బుతో పది ఊళ్లు తిరగొచ్చు.

ఇప్పుడు అసలు విషయం. మీ అమ్మ నీ కరపత్రం ఫోటో పంపింది. "మాజీ ప్రజాప్రతినిధుల పెన్షన్లు పూర్తిగా రద్దు చెయ్యాలి, జీతాలు సగానికి తగ్గించాలి" అని రాశావు. ఆ వాక్యం చదవగానే నాకు చెమటలు పట్టాయి. 1996లో నేను రాసిన వాక్యం దాదాపు ఇదే.

అప్పుడు నేను ఒక చిన్న ఊరి సబ్ ట్రెజరీలో సీనియర్ అకౌంటెంట్‌ని. మా కరువు భత్యం (డీఏ) బకాయిలు నెలల తరబడి ఆగిపోయాయి. అదే సమయంలో మాజీ ఎమ్మెల్యేల పెన్షన్ కాగితాలు నా టేబుల్ మీదుగానే వెళ్లేవి. ఒళ్లు మండింది. ఒక రాత్రి రిజిస్టర్ నుంచి పదకొండు పేర్లు, వాళ్లకొచ్చే మొత్తాలు రాసుకుని ఇంటికి తెచ్చాను. వెయ్యి కరపత్రాలు అచ్చు వేయించాం. పైన పెద్ద అక్షరాలతో "కూర్చుని తినేవాళ్ల జాబితా" అని పెట్టింది నేనే.

ఆఫీసు రికార్డు బయటపెట్టినందుకు చార్జ్ మెమో వచ్చింది. రెండు ఇంక్రిమెంట్లు ఆపారు. ఆ శిక్ష న్యాయమే, దాని గురించి నాకు బాధ లేదు.

ఆ పదకొండు మందిలో రైస్ మిల్లులున్నవాళ్లు, కాంట్రాక్టులు చేసేవాళ్లు ఉన్నారు. కరపత్రం వాళ్లను తాకను కూడా లేదు. ఒకాయన ఆఫీసుకొచ్చి, "ఆ డబ్బు మా డ్రైవర్‌కిస్తాలేమ్మా" అని నవ్వి వెళ్లిపోయాడు. మిగిలిన వాళ్లలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఒకే ఒక్కసారి గెలిచాడు, అదీ ఎప్పుడో. ఏటా నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బస్సులో వచ్చేవాడు. రిటైరైన టీచర్లతో పాటు వరుసలో నిలబడేవాడు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు, "నా వెనక ఇంకా పెద్దవాళ్లున్నారమ్మా" అనేవాడు.

ఆ ఏడాది నవంబర్ పోయింది, డిసెంబర్ పోయింది, ఆయన రాలేదు. గడువు దాటాక పెన్షన్ ఆగిపోయింది. ఆపినట్టు రిజిస్టర్‌లో ఎర్ర ఇంకుతో రాసిన చెయ్యి నాదే. చనిపోయాడేమో అనుకున్నాను. కనుక్కుంటే బతికే ఉన్నాడన్నారు. ఫారం పట్టుకుని వాళ్ల ఊరు వెళ్లాను. పెంకుటిల్లు, అరుగు మీద నులక మంచం. నన్ను గుర్తుపట్టి మజ్జిగ ఇప్పించాడు. ఫారం చూపిస్తే, "బతికున్నానని సంతకం పెట్టడం ఏం కష్టమమ్మా. కూర్చుని తింటున్నానని మీరు అచ్చేశాక ఆ డబ్బు ముట్టబుద్ధి కాలేదు" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది. వచ్చేటప్పుడు ఆయన భార్య దడి దాకా వచ్చి, ఆయాసం మందులు రోజు విడిచి రోజు వేసుకుంటున్నాడని చెప్పింది.

రెండోసారి వెళ్లినప్పుడు ఆయన ఒక ప్రశ్న అడిగాడు. "నేను కూలిచేసే ఇంట్లోంచి అసెంబ్లీకి పోయాను. జీతం లేకపోతే రెండో నెలకే తిరిగొచ్చేవాణ్ణి. మీరన్నట్టు అన్నీ తీసేస్తే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు?" నాకు జవాబు తెలీలేదు. మూడోసారి ఆయన భార్య పోరుపెట్టి సంతకం చేయించింది. ఆగిన నెలల డబ్బు అరియర్స్‌గా ఇప్పించాను. తర్వాత ఆయన నాలుగేళ్లు బతికాడు. ఆ నాలుగేళ్లూ నవంబర్‌లో ఫారం నేనే ఇంటికి తీసుకెళ్లాను. ఇప్పటికీ నవంబర్ వస్తే ఆ అరుగు గుర్తొస్తుంది.

జవాబు కోసం చాలా చదివాను. చట్టసభ సభ్యుడికి జీతం అన్నది ఇంగ్లండ్‌లో పేదవాళ్లే పోరాడి అడిగారు స్వాతీ. 1838లో ఓటు హక్కు కోసం ఉద్యమించిన చార్టిస్టులు అడిగిన ఆరు కోరికల్లో అదొకటి. నేత పనివాడు, గని కార్మికుడు కూడా పార్లమెంటులో కూర్చోగలగాలని అడిగారు. 1911లో గాని రాలేదు, ఏడాదికి 400 పౌండ్లు. మన పాత ఖమ్మం జిల్లానే చూడు. ఇల్లందు నుంచి అయిదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య గారిని బస్సుల్లో, సైకిల్ మీద చూసినవాళ్లు ఎంతమంది! అలాంటి మనిషికి జీతం బరువు తెలుస్తుంది. ఎన్నికల అఫిడవిట్‌లో కోట్లు చూపించినవాడికి జీతం సగం కోసినా తెలియదు. నీ కరపత్రం ఎవరి మీద పడుతుందో ఆలోచించు.

అలాగని ఊరుకోమనడం లేదు. కోపం ఎక్కడ పెట్టాలో చెప్తాను. 2018లో పార్లమెంటు తన సభ్యుల జీతాన్ని ధరల సూచీకి కట్టేసి, అయిదేళ్లకోసారి పెరిగేలా చట్టం చేసుకుంది. ఆ ప్రకారం 2025 మార్చిలో లక్ష రూపాయల జీతం 1,24,000 అయింది, మాజీల పెన్షన్ 25,000 నుంచి 31,000 అయింది. 2023 ఏప్రిల్ నుంచే అమలు. ఇక వృద్ధాప్య పెన్షన్‌లో కేంద్రం వాటా చూడు. 2007లో అది నెలకు 200 రూపాయలు. అరవై నుంచి డెబ్బై తొమ్మిదేళ్ల వాళ్లకు ఇప్పటికీ అదే 200. మన రాష్ట్రం కలపబట్టి ముసలివాళ్లు బతుకుతున్నారు. ఉప్పు ధర ఎంపీకీ అవ్వకూ ఒకటే కదా! ఆ సూచీ అవ్వకు ఎందుకు లేదని అడుగు. అంగన్‌వాడీ టీచర్ గౌరవవేతనానికి ఎందుకు లేదని అడుగు. 2022-23 నాటికి దేశ సంపదలో 40 శాతం అందరికంటే ధనవంతులైన ఒక్క శాతం మంది చేతిలో ఉందని ప్రపంచ అసమానతల ల్యాబ్ ఆర్థికవేత్తలు లెక్కకట్టారు. ఆ తేడా ఎమ్మెల్యేల జీతం కోస్తే పోదు. చట్టం చేసేవాళ్ల బతుకు మిగతా జనం బతుకుతో కలిసి పెరిగి, కలిసి ఆగితే ఆ సభలో మాట్లాడే మాటలైనా మారతాయని నా ఆశ.

కాబట్టి పిటిషన్ మార్చు. పెన్షన్ రద్దు అని రాయకు, ఎన్నిసార్లు గెలిచినా ఒకటే పెన్షన్ అని రాయి. పంజాబ్ 2022లో చట్టం చేసింది, నెలకు 60,000, దాని మీద డీఏ. సాధ్యం కాదని ఎవరూ అనలేరు. ఎవరి జీతం వాళ్లు పెంచుకునే పద్ధతి ఆపమని అడుగు. బ్రిటన్‌లో 2009లో ఎంపీల ఖర్చుల బాగోతం బయటపడ్డాక జీతాలు తేల్చే పని విడిగా ఒక స్వతంత్ర సంస్థకు ఇచ్చారు. మన తెలంగాణ అసెంబ్లీ 2016లో ఎమ్మెల్యేకి నెలకు రెండున్నర లక్షలు చేసినప్పుడు అందులో జీతం 20,000, నియోజకవర్గ అలవెన్సు 2,30,000. కరపత్రంలో ఈ రెండూ విడివిడిగా వెయ్యి. జీతం జోలికి పోకు. అలవెన్సులో ఆఫీసు మనిషికెంత, పెట్రోలుకెంత అయిందో జనానికి చూపించమని అడుగు. సభకు రాని రోజుకు కూడా భత్యం ఇస్తున్నారా అని అడుగు.

ఇంకొకటి. ఇది నా భయం, నవ్వుకోకు. నువ్వు గెస్ట్ లెక్చరర్‌వి. పీరియడ్ల లెక్కన డబ్బులు, ఏటా రెన్యువల్. కరపత్రం కింద కన్వీనర్ అని నీ పేరు, ఫోన్ నంబర్ వేశావు. ఎందుకంత తొందర? జూన్‌లో ఎవరో ఒకరు ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేస్తారు, నీకు పీరియడ్లు లేవంటారు. నాకైతే పర్మనెంట్ ఉద్యోగం, రెండు ఇంక్రిమెంట్లతో సరిపోయింది. నీకు మొత్తం పోతుంది. ఒకసారి పెన్షన్ తీసుకునే మనిషి మీద రాళ్లేశాను, ఇప్పుడు నేనే పెన్షనర్‌ని. నాకు రెన్యువల్ లేదు, ప్రిన్సిపాల్ లేడు. నీ పేరు తీసేసి అక్కడ నా పేరు వెయ్యి. ఖమ్మం అడ్రసే ఇవ్వు. ఎవరైనా అడగడానికొస్తే నా దగ్గరకు రానీ.

కొత్త డ్రాఫ్ట్ రాశాక అచ్చుకు ఇవ్వకుండా ముందు నాకు పంపు. అంకెలన్నీ నేను టిక్ పెట్టాకే ప్రెస్‌కి వెళ్లాలి. ఆదివారం వస్తే ఇంకా మంచిది, కూర్చుని చూద్దాం.

ఈ ఉత్తరం చదవగానే మీ అమ్మకు ఫోన్ చెయ్యి. నిన్న రాత్రి అన్నం తినలేదట.

మీ పెద్దమ్మ